ఇంటి వద్దనే డీజిల్ ఫిల్టర్ మార్చుకొనుట



గత మాసము ఈ శీర్షికలో వంట గ్యాసు రబ్బరు గొట్టము గురించి వ్రాశాము. అది చదివి తమ ఇంటిలోని గొట్టము తీసి చూచుకున్నామనియు, పగుళ్లు కనబడగానే మార్చామనియు చాలామంది చెప్పారు. సంతోషము. ఈ మాసము ఇంటి ముందు నిలిచియుండే బండి దగ్గరకు వెళ్దాము. చెంబంత కూడ లేని ఒక వస్తువు గురించి చెప్పుకుందాము. దాని పేరు ఇంధన ఫిల్టర్. మన ప్రాంతములో అందరూ డీజిల్ ఫిల్టర్ అంటారు.

ఇది మాకు తెలిసి వ్రాస్తున్న సంగతి కాదు, తెలియక దెబ్బతిని నేర్చుకున్న సంగతి. కనుక ముందు ఆ దెబ్బ గురించి చెప్పాలి.

రెండు సంవత్సరముల క్రిందట మార్చి మాసములో ఇంటర్మీడియట్ పరీక్షలు జరుగుచున్నవి. మా సంఘములో ముగ్గురు ఆడపిల్లలు ఆ పరీక్షలు వ్రాస్తున్నారు. ముగ్గురి తల్లిదండ్రులూ మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్ళి బ్రతికేవారే. పరీక్షా కేంద్రము చిలకలూరిపేటలో. ఊరు అక్కడికి 20 కిలోమీటర్లు లోపలకు ఉంటుంది. ఆ ఉదయము పిల్లలు ఎక్కవలసిన బండి రాలేదు. తల్లులు మా ఇంటికి వచ్చారు. మా పాత డీజిల్ జీపులో ముగ్గురినీ ఎక్కించుకొని ఏడున్నరకు బయలుదేరాము. పరీక్ష తొమ్మిదికి. నిమిషము ఆలస్యమైనా లోనికి రానివ్వరన్న మాట ఇంటర్ చదివే ఇళ్ళలో ఎవరికి తెలియదు?

ఎనిమిది కిలోమీటర్లు బాగానే వెళ్ళాము. దూరముగా కోటప్పకొండ కనబడుచున్నది. బండి ఒకసారి కుదుపు ఇచ్చింది. యాక్సిలేటర్ తొక్కితే లాగలేదు. ఎవరో వెనుక నుండి పట్టి ఆపినట్లు రెండు మూడు సార్లు వెనక్కు తన్ని ఆగిపోయింది. మరల స్టార్టు చేస్తే పట్టింది. వంద గజములు వెళ్ళి మళ్ళీ ఆగింది. మూడవసారి అసలు పట్టలేదు. బానెట్ ఎత్తాము. ఎత్తి ఏమి చూడాలో మాకు తెలియదు. ఎత్తినందుకు చూస్తున్నట్లు నిలబడ్డాము, అంతే.

వచ్చిన ఆటోలన్నీ కోతలకు వెళ్ళే కూలీలతో క్రిక్కిరిసియున్నవి. ఒక ఆటో ఆగింది గాని ఒక్కరికే చోటు. “మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి” అని పిల్లలు ఒకరినొకరు త్రోసుకున్నారే గాని ఎవరూ ఎక్కలేదు. వారిలో చిన్నది ఏడుపు ఆపుకొంటూ హాల్ టికెట్ వంక చూస్తూ ఉంది. ఆ చూపు మేము ఇప్పటికీ మరువలేదు. ఎందుకంటే తప్పు ఎవరిదో ఆ రోడ్డు మీద మాకు ఒక్కరికే తెలుసు. ఆరు నెలల క్రిందట సర్వీసింగు చేయించినప్పుడు మెకానిక్ “ఫిల్టర్ మార్చాలండీ” అన్నాడు. “ఈసారికి కానివ్వు, వచ్చేసారి చూద్దాము” అన్నాము. మిగిలింది కొద్ది వందల రూపాయలు.

ఎనిమిదీ పదికి ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రక్కు నిండా మిర్చి టిక్కీలు. గుంటూరు యార్డుకు పోతున్న బండి. డ్రైవరుకు ముప్పై ఏళ్ళుంటాయి. మా వేషము చూచి పాస్టరునని పోల్చుకున్నాడు కాబోలు.

“ఏందయ్యగారూ, ఆగిందా?”

“ఆగింది తమ్ముడూ. పిల్లలకు తొమ్మిదింటికి పరీక్ష.”

“ఫిల్టరు ఎప్పుడు మార్పిచ్చారు?”

సమాధానము చెప్పలేకపోయాము. అతడు ఇంకేమీ అడగలేదు. ట్రాక్టరు ఆపి, టూల్ బాక్సులో నుండి ఒక గుడ్డ, ఒక పాత నీళ్ళ సీసా తెచ్చాడు. ఇంజను ప్రక్కన ఉన్న డబ్బా వంటి ఫిల్టరు అడుగున చిన్న మరను వదులు చేశాడు. సీసాలోకి మొదట నీళ్ళు వచ్చాయి! తరువాత బురద వంటి నల్లని డీజిల్, తరువాత కొంచెము శుభ్రమైన డీజిల్. మర బిగించి, ఫిల్టరు పైన ఉన్న గుండ్రని మీట వంటి చేతి పంపును బొటనవ్రేలితో యాభై సార్లయినా నొక్కాడు. అది గట్టిపడిన తరువాత “ఇప్పుడు తిప్పండి” అన్నాడు. రెండవ ప్రయత్నములో ఇంజను పట్టింది.

“ఇది ఇవాళ్టి మందం అయ్యగారూ. గట్టిగా తొక్కబాకండి. నలభై దాటించబాకండి. తొక్కితే మళ్ళా ఆగుద్ది” అన్నాడు. మేము జేబులో చేయి పెట్టగానే వారించి, “పరీక్షకు గదా” అని తన బండి ఎక్కాడు. అడిగితే ఫోను నంబరు మాత్రము ఇచ్చాడు. నలభై దాటకుండా నడిపి, తొమ్మిదికి పన్నెండు నిమిషములు ఉండగా పిల్లలను గేటు దగ్గర దింపాము.

ఆ సాయంత్రము మేము నిర్ణయించుకున్నాము. ఒక ట్రాక్టరు డ్రైవరు పదిహేను నిమిషములలో రోడ్డు ప్రక్కన చేసిన పని, డిప్లొమా చదివిన మనము ఇంటి నీడలో తీరికగా ఎందుకు చేయలేము?

ఫిల్టర్ ఏమి చేస్తుంది?

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు ఉండవు. గాలిని బాగా నొక్కి వేడిచేసి, ఆ వేడిలోనికి డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే అది తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు ఇటువంటి ఇంజనును 1897లో విజయవంతముగా నడిపి చూపించాడు. అయితే ఆ తుంపరను ఖచ్చితముగా కొలిచి చిమ్మే చిన్న పంపు దొరికే వరకు కార్లు, ట్రాక్టర్లలో ఆ ఇంజను అంతగా వ్యాపించలేదు. 1927లో జర్మనీలోని బాష్ కంపెనీ ఇటువంటి ఇంజెక్షన్ పంపులను పెద్ద సంఖ్యలో తయారుచేయుట ఆరంభించింది. మన దేశములో 1951లో బెంగుళూరులో ఆరంభమైన మైకో కంపెనీ పేరు పాత రైతులందరికి తెలుసు. ఆయిల్ ఇంజనులకు, ట్రాక్టర్లకు పంపులన్నా నాజిల్స్ అన్నా మైకోవే గుర్తుకు వచ్చేవి. ఆ కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకున్నది.

ఆ పంపులోను, నాజిల్‌లోను కదిలే భాగముల మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. వెంట్రుకలో పదవ వంతు ఇసుక రేణువు పడినా అక్కడ గీతలు పడతాయి. ఇంకొక సంగతి. ఆ పంపుకు వేరే నూనె ఉండదు. దాని గుండా వెళ్ళే డీజిలే దానికి నూనె. డీజిల్‌తో పాటు నీళ్ళు వెళ్తే నూనె లేక అరుగుతుంది, తుప్పు పడుతుంది. కాబట్టి ఫిల్టర్ రెండు పనులు చేస్తుంది. మడతలు పెట్టిన కాగితము గుండా మట్టిని వడకడుతుంది. డీజిల్ కంటె బరువైన నీళ్ళను అడుగున నిలుపుతుంది.

ఆ నీళ్ళు ఎక్కడివి అని కొందరడుగుతారు. ఎవరో కలిపారని అనుకోనవసరము లేదు. సగము ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఉంటుంది. ఆ గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చల్లబడినప్పుడు చెంబు మీద చెమట పట్టినట్లే ట్యాంకు లోపలి గోడలకు నీటి బిందువులు పడతాయి. వర్షాకాలములో మరింత ఎక్కువ. పొలములకు క్యానులలోను, డ్రమ్ములలోను డీజిల్ మోసేవారి సంగతి చెప్పనక్కరలేదు. మూత సరిగా లేని డ్రమ్ము, నల్లరేగడి దుమ్ము పట్టిన గరాటు, ఈ రెండూ చాలు. నీళ్ళు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగట పదార్థము కూడ తయారవుతుంది. మా సీసాలో కనబడిన నల్లని బురదలో అదీ ఉండవచ్చు.

పత్తి నూగు, మిరప దుమ్ము వలన ఫిల్టర్ మూసుకుపోతుందని మా సంఘములో ఒకరన్నారు. అది గాలి ఫిల్టర్ సంగతి. రెండూ వేరు. రెండూ చూచుకోవాలి.

మా మొదటి ప్రయత్నము, మా తప్పులు

పరీక్షలు అయిన తరువాత కొత్త ఫిల్టర్ తెచ్చి మార్చాము. పాతది త్రిప్పి తీశాము, కొత్తది ఎక్కించాము, గట్టిగా ఉండాలని రెంచితో మరి రెండు పట్లు బిగించాము. ఇంజను పట్టక పోతే ఆపకుండా స్టార్టరు త్రిప్పాము. బ్యాటరీ సగము అయిపోయిన తరువాత పట్టింది. చాల గర్వపడ్డాము. మరునాటి ఉదయమునకు బండి క్రింద అరచేయంత డీజిల్ మడుగు. ఇంజను పట్టలేదు.

ఆ తమ్మునికి ఫోను చేశాము. అంతా విని ఒక్కటే ప్రశ్న వేశాడు: “పాత వాచరు తీశారా అయ్యగారూ?”

వెళ్ళి విప్పి చూస్తే, పాత ఫిల్టరు రబ్బరు ఉంగరము పైన పీఠమునకే అతుక్కొని ఉండిపోయింది. దాని మీద కొత్త ఉంగరము. రెండు ఉంగరముల మధ్య నుండి డీజిల్ కారింది. అది మాత్రమే కాదు, పంపు డీజిల్‌ను పీల్చునప్పుడు అదే సందు గుండా గాలి లోపలికి వెళ్ళింది. డీజిల్ గొట్టములో గాలి చేరితే ఇంజను పట్టదు. మన రైతులు ఆయిల్ ఇంజనుకు “గాలి పట్టింది” అంటారే, అది ఇదే. ఇంతవరకు వందల మాటలతో పుస్తకములలో ఉన్న సంగతి అతడు నాలుగు మాటలలో చెప్పాడు.

చేయవలసిన విధానము

మీరు మా తప్పులు చేయకుండా క్రమముగా వ్రాస్తున్నాము. ఇది ఇంజను ప్రక్కనే డబ్బా ఫిల్టరు, చేతి పంపు ఉన్న డీజిల్ బండ్లకు సరిపోతుంది. మీ బండితో ఇచ్చిన పుస్తకములో వేరుగా ఉంటే పుస్తకమే ప్రమాణము.

1. ఉదయమున, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేయండి. చుట్టలు, బీడీలు, పొయ్యి, వెల్డింగు దరిదాపులలో ఉండకూడదు. పెట్రోలు వలె డీజిల్ అంటుకోదని చాలామంది ధైర్యము. మన దేశ ప్రమాణముల ప్రకారము సాధారణ డీజిల్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకొనే వేడిమి కనీసము 35 డిగ్రీలు ఉంటే చాలు. రెంటచింతల ఎండ ఎంతో మీకు తెలుసు గదా! మే నెల మధ్యాహ్నము మన నీడ కూడ 35 దాటియే ఉంటుంది.

2. కొత్త ఫిల్టరు కొనేటప్పుడు బండి పేరు మాత్రమే చెప్పకండి. ఒకే పేరు గల బండిలో ఏటా మార్పులు ఉంటాయి. పాత ఫిల్టరు మీది నంబరు వ్రాసుకొని వెళ్ళండి, లేదా తయారైన సంవత్సరము, ఛాసిస్ నంబరు చెప్పండి. పెట్టెలో కొత్త రబ్బరు ఉంగరములు ఉన్నవో లేవో అక్కడే చూడండి.

3. ఫిల్టరు క్రింద పళ్ళెము పెట్టండి. ప్రక్కన ఉన్న రబ్బరు గొట్టముల మీద, బెల్టుల మీద గుడ్డ కప్పండి. డీజిల్ రబ్బరును పాడుచేస్తుంది. ఫిల్టరు చుట్టూ ఉన్న దుమ్మును ముందుగానే తుడవండి. విప్పిన తరువాత తుడిస్తే ఆ దుమ్ము లోపలికే పడుతుంది.

4. అడుగు మర వదులు చేసి నీళ్ళు, డీజిల్ పళ్ళెములోకి వదలండి. అడుగున విద్యుత్తు తీగ ఉంటే అది నీటిని తెలిపే సెన్సారు. దాని క్లిప్పు నొక్కి తీయండి, తీగ పట్టి లాగకండి. గొట్టములు ఉన్నచో ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. ఫోనుతో ఒక ఫోటో తీసుకొంటే చాలు.

5. ఫిల్టరును ఎడమ వైపునకు త్రిప్పి తీయండి. చేతికి రాకపోతే ఫిల్టరు రెంచి వాడండి. తీసిన వెంటనే పాత ఫిల్టరును తిరగవేసి రబ్బరు ఉంగరము దానికే ఉన్నదా అని చూడండి. లేకపోతే అది పైన ఉన్నది! వ్రేలితో తడిమి తీసివేయండి. ఈ ఒక్క వాక్యము గుర్తుంచుకొంటే ఈ వ్యాసము చదివిన సమయము వృథా కాదు.

6. పీఠమును పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడవండి. దూది, పత్తి వద్దు. మన ఇళ్ళలో పత్తి చేతికి దగ్గరగా ఉంటుంది గనుక చెప్తున్నాము. నీటి సెన్సారును పాతదాని నుండి తీసి కొత్తదానికి కొత్త ఉంగరముతో బిగించండి.

7. కొత్త రబ్బరు ఉంగరమునకు శుభ్రమైన డీజిల్ రాయండి. చేతితో త్రిప్పుచూ ఎక్కించండి. ఉంగరము పీఠమును తాకిన తరువాత ముప్పాతిక చుట్టు మాత్రము చేతితోనే బిగించండి. ఫిల్టరు మీద వేరే కొలత వ్రాసి ఉంటే దానిని పాటించండి. బిగించుటకు రెంచి వద్దు. ఎక్కువ బిగిస్తే ఉంగరము నలిగి అదే కారుతుంది.

8. కొత్త ఫిల్టరును డీజిల్‌తో నింపి ఎక్కించుట పాత అలవాటు. కామన్ రైల్ ఇంజనులలో అలా చేయకూడదు. పైనుండి పోసిన డీజిల్ వడకట్టకుండా శుభ్రమైన వైపు పడి నేరుగా పంపులోనికి వెళ్తుంది. ఖాళీగానే ఎక్కించి, చేతి పంపుతో నింపుకోండి.

9. పైన గాలి మర ఉంటే దానిని అర చుట్టు వదులు చేసి చేతి పంపు నొక్కండి. మొదట బుడగలు, నురుగు వస్తాయి. బుడగలు లేని డీజిల్ వచ్చినప్పుడు మర బిగించి, పంపు గట్టిపడే వరకు మరల నొక్కండి. చేతి పంపు లేకుండ ట్యాంకులో విద్యుత్తు పంపు ఉన్న బండ్లలో స్టార్టు చేయకుండ తాళము మాత్రము ఆన్ చేసి, ఆపి, ఇలా నాలుగైదు సార్లు చేస్తే నిండుతుంది.

10. బ్యాటరీ తీగ కలిపి స్టార్టు చేయండి. పది సెకండ్లకు మించి స్టార్టరు త్రిప్పకండి. పట్టకపోతే అర నిమిషము ఆగి మరల ప్రయత్నించండి. పట్టిన తరువాత ఐదు నిమిషములు నడవనిచ్చి, ఫిల్టరు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. తడి తగిలితే ఇంజను ఆపి సరిచేయండి. ఊరిలో ఒక చుట్టు తిరిగి వచ్చి మరల చూడండి. మరునాడు ఉదయము నేల మీద కూడ చూడండి.

11. ఫిల్టరు మీద తేదీ, కిలోమీటర్లు చెరగని సిరాతో వ్రాయండి. ఎవరైనా “ఎప్పుడు మార్పిచ్చారు?” అని అడిగితే మీకు సమాధానము ఉంటుంది.

ఇవి చేయవద్దు

కామన్ రైల్ బండ్లలో ఫిల్టరు దాటిన తరువాత పంపు నుండి ఇంజెక్టర్లకు వెళ్ళే ఉక్కు గొట్టములు ఉంటాయి. మన కారు టైరులో గాలి పీడనము సుమారు 2 బార్లు. ఆ గొట్టములలో పీడనము వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజను నడుస్తుండగా వాటి నట్టు వదులు చేస్తే డీజిల్ సూది వలె చర్మమును చీల్చి లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనబడుతుంది గాని వ్రేలు, చేయి పోగొట్టుకొనే ప్రమాదము. అటువంటి గాయమైతే నొప్పి లేదని ఇంట్లో కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గాలి తీయుటకు పాత ట్రాక్టర్లలో నాజిల్ నట్లు వదులు చేసేవారు. ఆ పద్ధతి ఈ బండ్లలో పనికిరాదు.

పెట్రోలు బండి గలవారికి వేరుగా చెప్పాలి. పెట్రోలు ఆవిరి చలికాలములో కూడ అంటుకుంటుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తొలి బండ్ల వంటి కార్బ్యురేటర్ కార్లలో పీడనము స్వల్పము. ఇటువంటి బండ్లకు సాధారణముగా వేసే చిన్న ప్లాస్టిక్ ఫిల్టరుకు రెండు క్లిప్పులు ఉంటాయి, బాణపు గుర్తు ఇంధనము వెళ్ళే దిక్కుకు ఉండాలి. తరువాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండ్లలో గొట్టములో సుమారు మూడు బార్ల పీడనము ఇంజను ఆపిన తరువాత కూడ నిలిచియుంటుంది. పంపు ఫ్యూజు తీసి, ఇంజను తానే ఆగిపోయే వరకు నడిపి, బ్యాటరీ తీసిన తరువాతనే దానిని విప్పాలి. మొదటిసారి మెకానిక్ ప్రక్కన లేకుండ చేయకండి. చాలా కొత్త కార్లలో ఫిల్టరు ట్యాంకు లోపల పంపుతో కలిసి ఉంటుంది. దానిని ఇంటి వద్ద ముట్టనే వద్దు.

పాత పెట్రోలు బండ్లవారు మరొక సంగతి గమనించాలి. మన దేశములో 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకము 2023 ఫిబ్రవరిలో ఆరంభమై, 2025 నాటికి అంతటా సాధారణమైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత ట్యాంకులో ఏళ్ళ తరబడి పట్టిన మడ్డిని కదిలిస్తుంది, పాత రకపు రబ్బరును మెత్తబరుస్తుంది. కనుక పాత బండిలో ఫిల్టరును, గొట్టములను మునుపటి కంటె తరచుగా చూచుకొనుట మంచిది.

డీజిల్ విషయములో మార్పు మంచి వైపునకే జరిగింది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బీఎస్-6 ఇంధనము వచ్చి, డీజిల్‌లో గంధకము పది లక్షల భాగములకు 50 నుండి 10కి తగ్గింది. పొగ తగ్గింది. అయితే డీజిల్ ఎంత శుభ్రమైనా మన క్యాను, మన గరాటు, మన ట్యాంకులోని చెమట మనవే.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? బండిని బట్టి 20,000 నుండి 40,000 వరకు వేర్వేరుగా ఉంటుంది. పుస్తకము చూడండి. దుమ్ము రోడ్లలో, క్యాను డీజిల్‌తో నడిచే బండికి ఇంకా ముందుగానే మార్చాలి. నీళ్ళు మాత్రము నెలకొకసారి వదిలి చూడండి. వర్షాకాలములో రాత్రిపూట ట్యాంకు నిండుగా ఉండునట్లు చూచుకోండి. లోపల గాలికి చోటు లేకపోతే చెమటకు చోటు ఉండదు.

ఇంకొక మాట. పాత ఫిల్టరును, పళ్ళెములోని డీజిల్‌ను కాలువలో పారబోయకండి. సాగర్ కుడి కాలువ నీళ్ళతో నిండే చెరువులే మన ఊళ్ళలో ఎంతోమందికి మంచినీళ్ళు. సీసాలో పోసి మూత పెట్టి, పాత ఇంజనాయిలు కొనే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

ఈ పని వలన మిగిలే కూలి పెద్ద మొత్తమేమీ కాదు. మెకానిక్కులు మనకు కావలసినవారే, మాకు తెలియని వేయి పనులకు ఇప్పటికీ వారి దగ్గరకే వెళ్తున్నాము. మాకు మిగిలినది వేరు. రోడ్డు మీద బానెట్ ఎత్తినప్పుడు ఏమి చూడాలో ఇప్పుడు తెలుసు. “వచ్చేసారి చూద్దాము” అన్న మాట మన బండిలో ఎక్కినవారి ఏడాదిని తీసుకుపోగలదని కూడ తెలుసు.

ఆ ఏప్రిల్‌లో ఫలితములు వచ్చాయి. ముగ్గురూ ఉత్తీర్ణులయ్యారు. హాల్ టికెట్ వంక చూస్తూ నిలబడిన చిన్నది ఇప్పుడు గుంటూరులో నర్సింగు చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వస్తుంది. కుశల ప్రశ్నలు అయిన తరువాత తప్పకుండా అడుగుతుంది:

“ఫిల్టరు మార్చారా, అయ్యగారూ?”

నవ్వుతూనే అడుగుతుంది. మేము మాత్రము బానెట్ ఎత్తి, తేదీ చూపించి జవాబు చెప్తాము.